నేటాలు

మా ఇంట్లో సూది కనపడకపోతే
పోయింది అనేవాళ్ళు కాదు,
నేటాలు పోయింది అనేవాళ్ళు.
చెప్పు ఒక్కటే మిగిలితే రెండోది నేటాలు.
పొద్దుగూకినా కోడిపెట్ట గూటికి చేరకపోతే
గంప మూస్తూ అనేది అమ్మ: ఇంకెక్కడ, నేటాలే.

బళ్ళో ఒకసారి
నా పలక నేటాలు పోయింది టీచర్ అంటే
అదేం మాటే పిల్లా, అంది ఆవిడ.
అప్పుడు తెలిసింది నాకు
అది మా ఒక్క ఇంట్లోదేనని.

ముప్ఫై ఏళ్ళు ఒంగోలు ఆసుపత్రిలో
నెత్తురు సీసాలకి పేర్లూ నంబర్లూ అంటించి
రిటైరయ్యాక,
కనిగిరి చర్చి వెనక గదిలో కూచున్నాను.
ఫిలేమోను గారు బీరువా తీశారు.
ప్రభువు బల్ల గ్లాసులు,
క్రిస్మస్ నక్షత్రం వెదురు బద్దలు,
వాటన్నిటి కింద సంఘ పుస్తకం.
బ్యారన్‌లో ఎక్కువ కాగిన పొగాకులా
ముట్టుకుంటే విరుగుతోంది.

ధాత కరువు దాటిన ఏడాది.
కాలువ మట్టి మోసిన చేతులు,
గంజి కోసం వరసలో నిలబడ్డ కాళ్ళు,
పేజీకి నలభై మంది.
గడులు ఐదు: కొత్త పేరు, పాత పేరు, పల్లె, తేదీ, సంగతి.
పోలిగాడు పౌలయ్యాడు.
నాంచారి నయోమి అయింది.
అంకిగాడికేం తోచలేదో ఏమో,
అంకయ్యగా మునిగి అంకయ్యగానే లేచాడు.

సంగతి గడిలో ఎక్కువసార్లు ఒకటే మాట: చనిపోయె.
ఒకచోట: వెలి, కొలుపులలో డప్పు వాయించినందున.
రెండేళ్ళకి అదే గడిలో:
మరల చేర్చుకొనబడె, డప్పు అమ్మివేసినందున.
నాకు నవ్వొచ్చింది.
ఫిలేమోను గారు నవ్వలేదు.
ఆ డప్పు వాళ్ళ ముత్తాతది.

అమ్మ బైబిలు వెనక అట్ట మీద ఉన్నదల్లా
తీతు భార్య పెర్సిస్ అని.
మా జేజికి జేజి.
పదిహేడో పేజీలో దొరికాడు తీతు.
పూర్వము తిరుపాలుగాడు. రాళ్ళచెరువు మాదిగపల్లె.
సంగతి:
నేటాలు.

అంతే. మిగతా గడి ఖాళీ.
ఏమన్నావు, మళ్ళీ చెప్పు అని
అడిగి అడిగి రాసినట్టు
ఆ మూడక్షరాల దగ్గర సిరా మందంగా ఉంది.

అది ఊరట. ఓడెక్కి పోయే దేశమట. చెరుకు తోటలట.
ఐదేళ్ళకని నిశానీ పెట్టి
మద్రాసు దాకా నడిచిపోయాడు ఒక మనిషి.
మా సూదులూ చెప్పులూ కోడిపెట్టలూ
నూరేళ్ళ పైన
ఆయన వెనకాలే నడుస్తున్నాయి.
అమ్మ ఉంటే చెప్పేదాన్ని.

ఇంకా రెండు వరసల కింద, వేరే చేతిరాత:
పెర్సిస్, పూర్వము పెంచలమ్మ.
సంగతి: 1886లో దానియేలుతో మారుమనువు, సంఘము అంగీకరించె.

వేళ్ళు మడిచి లెక్కేశాను.
మళ్ళీ వేశాను.
జేజి తల్లి పుట్టింది ఆ తరవాత మూడేళ్ళకి.
అంటే నేను దానియేలు మనిషిని.
జీవితమంతా నెత్తురు చూసినదాన్ని,
తీతుది ఒక్క చుక్క కూడా లేదు నాలో.

మరి ఆ మాట?
దానియేలు ఇంట్లో, దానియేలు పొయ్యి దగ్గర
అట్లకాడ కనపడక
మొదటిసారి ఆమె ఎలా అని ఉంటుంది?
కసిగానా? నవ్వుతూనా?
పిల్లలు విన్నారు, నేర్చుకున్నారు, సరే.
దానియేలు కూడా
ఎప్పుడన్నా తన తలగుడ్డ వెతుక్కుంటూ
అదే మాట అన్నాడా?
ఇదొక్కటి తెగడం లేదు నాకు.
ఏ గడిలోనూ లేదు.

పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి
ఫిలేమోను గారే చంకలో పెట్టుకుని వచ్చారు
పామూరు బస్టాండు పక్క జిరాక్సు షాపుకి.
పుస్తకం పెద్దది, కాగితం చిన్నది.
కుర్రాడు ఎటు తిప్పినా నాలుగు గడులే పడ్డాయి.
అంచు తెగింది మేడం, పర్లేదా అన్నాడు.

పర్లేదు, వెనకాల రాసుకుంటాను అని
పెన్ను కోసం సంచీ తెరిచాను.
కళ్ళజోడు పెట్టె, మందులు, బస్సు టికెట్టు,
అమ్మ బైబిలు, అరటిపండు.

పెన్ను లేదు.